కేతవరం కొండను మా బావ కళ్ళతో చూశాను

కర్నూలు జిల్లాలో ఒక కొండమీద వేల ఏళ్ళనాటి బొమ్మలున్నాయని, వాటిని చూడ్డానికే నాలుగు రోజులు సెలవు పెడుతున్నానని చెబితే మా సెక్షన్లో ఇద్దరు నవ్వారు. మూడో ఆయన అంత దూరం వెళ్ళేవాడివి మంత్రాలయం కూడా చూసి రమ్మన్నాడు. మంత్రాలయం వెళ్ళలేదు. చూడాలనుకున్న బొమ్మలైనా అనుకున్నట్టు చూశానా అంటే, అదీ లేదు. కానీ ఆ కొండ దగ్గర చూసినంత నేను నా జన్మలో ఎక్కడా చూడలేదు. ఎందుకలా అంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ముడి ఖనిజం పరీక్షించే లేబొరేటరీలో నా ఉద్యోగం. మా నాన్న తణుకు దగ్గర పల్లెటూరి నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా నేను చేసేది ఒకటే పని. ఇనప రాయిని పొడి చేయడం, అందులో ఎంత ఇనుముందో చెప్పడం. సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే నీళ్ళు ఎర్రగా పోతాయి. ఒకసారి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో తిరుగుతుంటే, అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చిన ఒక మాస్టారు గోరంత రాతి ముక్క చూపించారు. అంచు బ్లేడులా ఉంది. పాతకాలపు మనిషి చెక్కుకున్న పనిముట్టు అన్నారు. ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. తర్వాత ఎక్కడో చదివాను, ఆ మనుషులు గుహల్లో వేసిన ఎర్ర బొమ్మల్లో రంగు ఈ ఇనప రాతి పొడేనని. రోజూ నేను చేతులు కడుక్కుని పారబోసే రంగు అది. చూడకుండా ఎలా ఉంటాను?

తోడు వచ్చింది మా బావ నూకరాజు, నా భార్య గౌరికి అన్న. వాళ్ళది యారాడ. తండ్రి చేపల వేటకి వెళ్ళేవాడు. ఇతను మాత్రం ఓడలకి రంగు వేసే పనిలో స్థిరపడ్డాడు. ఓడ పక్కన తాళ్ళతో ఒక పలక వేలాడదీస్తారు. దానిమీద కూచుని రంగు వేయాలి. నడుముకి ఇంకో తాడుంటుంది. దాని రెండో కొస పైన డెక్కు మీద ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. పంతొమ్మిదేళ్ళు ఆ కొస పట్టుకున్నది సింహాచలం అనే స్నేహితుడే. పది నెలల కిందట బావ పలకమీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి మణికట్టు విరిగింది. సింహాచలం ఫోన్ చూసుకుంటూ తాడు వదిలేశాడని బావ అందరికీ చెప్పాడు. ఆస్పత్రికి కమలాపళ్ళు పట్టుకుని అతను వస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడట. ఆ తర్వాత సింహాచలం రేవు పని మానేసి అచ్యుతాపురంలో ఏదో ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి కుదిరాడు. బావ చెయ్యి అతుక్కుంది. కానీ మళ్ళీ పలక ఎక్కలేదు. ఇంట్లో గోడకి ఆనుకుని కూచోవడం మొదలుపెట్టాడు. అడిగితేనే మాట. అదీ ఒకటి, రెండు.

గౌరే అంది, మా అన్నయ్యని కూడా తీసుకెళ్ళమని. రాళ్ళ మీద బొమ్మలు చూడ్డానికి అతనెందుకు వస్తాడనుకున్నాను. అడిగితే, "ఎప్పుడు రైలు?" అన్నాడు. అంతే.

నంద్యాల మీదుగా

నంద్యాలలో దిగేసరికి తెల్లారింది. శివరాత్రి వెళ్ళిన వారం. మా దగ్గర ఆ వేళకే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. ఇక్కడ చెమట పట్టడం లేదు, పెదాలు మాత్రం పగులుతున్నాయి. బావ రెండుసార్లు గాలి పీల్చి చూసి, ఉప్పు లేదన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను సముద్రానికి ఇంత దూరం రావడం అదే మొదటిసారి.

కర్నూలు బస్సెక్కి ఓర్వకల్లులో దిగాం. స్టాండు పక్కన మస్తానమ్మ అనే ఆవిడ నాలుగు బల్లల హోటలు నడుపుతోంది. టిఫిను ఏముందంటే ఉగ్గాని, బజ్జి అంది. మేం మరమరాలంటాం, వాళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పప్పుల పొడి వేసి తాలింపు పెడతారు. పక్కన వేలంత మిరపకాయ బజ్జి. మా బీచ్‌లో మరమరాల మిక్చర్ కరకరలాడకపోతే డబ్బులివ్వం. ఇక్కడ తడిపి మరీ పెడుతున్నారు. బావ అనుమానంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రెండో ప్లేటు తెప్పించుకున్నాడు. ప్లేటు ముప్పై రూపాయలు. ఇంటి దగ్గర అతను అడిగి రెండోసారి వడ్డించుకుని చాలా నెలలైందని తర్వాత గౌరి చెబితే తెలిసింది.

మా మాటలు విని మస్తానమ్మ మాది ఏ రాష్ట్రమని అడిగింది. మనది ఒకటే రాష్ట్రమని చెబితే నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. కొండబొమ్మలు చూడాలంటే కేతవరంలో మద్దిలేటిని అడగమని చెప్పింది ఆవిడే.

నాపరాళ్ళ ఊరు

ఆటోవాడు మమ్మల్ని ఊళ్ళో దింపి వెళ్ళాడు. ఇళ్ళ కప్పులు నాపరాళ్ళు, అరుగులు నాపరాళ్ళు, పెరటి కంచె కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. మా వైపు తాటాకుతోనో కర్రతోనో చేసేవన్నీ వీళ్ళు రాయితో చేస్తారు. అరవై దాటిన మద్దిలేటి మేకల్ని తోలుకుని అప్పుడే వస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, తలకి కండువా. ఆయనకి కొండమీద ఏ ఉద్యోగమూ లేదు, ఎవరూ జీతమివ్వరు. వాళ్ళ అబ్బ, అంటే తాత, చూపించిన దారి కాబట్టి తనూ వచ్చినవాళ్ళకి చూపిస్తాడు.

అప్పుడే ఎక్కుదామని నేను తొందరపడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. మధ్యాహ్నం ఎండకి రాయి కాలుతుంది, తేనెటీగలు చిరాగ్గా ఉంటాయి, పొద్దున పోదామన్నాడు. ఎక్కడుండాలో అడిగేలోపే ఆయన భార్య అరుగు మీద చాప పరిచింది. రాత్రికి జొన్నరొట్టె, వేరుశనక్కాయల కారం, గోంగూర పప్పు. రొట్టె ఎలా విరవాలో తెలీక నేను అవస్థ పడుతుంటే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డబ్బు ఇవ్వబోతే మద్దిలేటి చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు. మీ ఊరొస్తే సముద్రం చూపియ్యండి సార్ అన్నాడు. ఆయన సముద్రం చూడలేదు.

తేనెపట్టు కింద

పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. ముళ్ళ పొదలు, మధ్యలో ఇల్లంత బండలు. బావ కాళ్ళకి రబ్బరు చెప్పులే. అయినా నాకంటే ముందే నడిచాడు. ఓడల మీద తిరిగిన కాళ్ళు కదా. ఒకచోట రెండు బండల మధ్య సందులోంచి వంగి పోవాలి. పైన పెద్ద తేనెపట్టు. మాట్లాడకుండా, తల ఎత్తకుండా రమ్మని మద్దిలేటి సైగ చేశాడు. నేను తల ఎత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ తెలీదు. కళ్ళజోడు జారి పక్కనున్న నెర్రెలో పడింది. రెండుసార్లు టంగుమని చప్పుడైంది, తర్వాత లేదు.

నాది మైనస్ ఆరు. ముక్కుకి జానెడు దూరంలో ఉన్నది చీమ కాలితో సహా కనిపిస్తుంది. బారెడు దాటితే అంతా పొగ. రెండో జోడు గాజువాకలో మా ఇంటి బీరువాలో ఉంది. మద్దిలేటి కర్ర పెట్టి కెలికాడు, చెయ్యి పెట్టబోతే తేళ్ళుంటాయని నేనే ఆపాను. ఏడు వందల కిలోమీటర్లు వచ్చి, పావుగంట నడక మిగిలి ఉండగా గుడ్డివాణ్ణయ్యాను. ఆ రాయిమీద కూచుండిపోయాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి సిగ్గులేదు.

కాసేపటికి బావ నా భుజమ్మీద చెయ్యి వేశాడు. "లెగు బావ. నాను సూసి సెప్తాను. ఓడకి రంగేసినోణ్ణి, బొమ్మ సెప్పలేనేటి?"

పది నెలల్లో అతని నోట అంత పొడుగు మాట నేను వినలేదు.

ఎర్ర జింకలు

పెద్ద బండ ఒకటి ముందుకి వంగి చూరులా నిలబడింది. దాని కింద చల్లగా ఉంది. నాకు కనిపించింది బూడిదరంగు గోడ, దానిమీద ఎర్రటి మరకలు. బావ అలాగే నిలబడిపోయాడని అతని ఊపిరిని బట్టి తెలిసింది. మద్దిలేటి తన అలవాటు ప్రకారం చెప్పడం మొదలుపెట్టాడు. ఇది జింక, ఇది దుప్పి, ఇది వేటగాడు. ఎన్నేళ్ళ కిందటివో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు సార్, మా అబ్బకి మాత్రం వాళ్ళ అబ్బ చెప్పినాడు అన్నాడు.

బావ నన్ను చెయ్యిపట్టి గోడకి దగ్గరగా తీసుకెళ్ళాడు. ముక్కు తగలనివ్వకండి అని మద్దిలేటి హెచ్చరించాడు. అప్పుడు చూశాను. నా అరచెయ్యంత జింక. ఎరుపు రాతి మీద పూసినట్టు లేదు, రాయే అక్కడ ఎర్రబడినట్టుంది. ఇరవై రెండేళ్ళు నేను గాజు సీసాల్లో పోసి, తూచి, అంకె రాసి పారేసిన పొడి ఇక్కడ చెవులు రిక్కించి వెనక్కి తిరిగి చూస్తోంది. ఆ జింక వెనక నుంచి వస్తున్న అలికిడి ఏదో విన్నది. దాన్ని గీసినవాడు కూడా ఆ క్షణాన్ని ఎప్పుడో కళ్ళారా చూశాడు, కదలకుండా, బహుశా ఆకలితో. చూసింది మనసులో మోసుకొచ్చి ఇక్కడ పెట్టాడు.

"ఈపు సూడు బావ," అన్నాడు నూకరాజు. "ఒక్కటే గీత. మెడకాడ మొదలెట్టి తోకదాకా సెయ్యెత్తనేదు. మొదట లావు, సివర సన్నం. కుంచె కాదిది. పందుంపుల్ల నమిలితే సివర ఎలగ సీలుతాది, అలాటిది. ఎడం సేతివాటం మనిషి, కుడి నించి లాగేడు."

ఇదెలా తెలుసని అడిగాను. తనతో పనిచేసిన ఇరవై మందిలో ఓడమీద ఏ గీత ఎవరిదో చెప్పగలనన్నాడు. తర్వాత ఒక దుప్పి దగ్గర వేలు గాల్లో ఆపి, ముందు కాలు తప్పు గీసి పక్కన మళ్ళీ గీశాడని చూపించాడు. నిజమే. పాత కాలు మాసిపోయి నీడలా ఉంది. వేల ఏళ్ళనాటి మనిషి చేసిన తప్పును, దాన్ని దిద్దుకోవడాన్ని చూస్తున్నాను. నాకు ఆ పనిమంతుడు అప్పటిదాకా పుస్తకాల్లో 'ఆదిమానవుడు'. ఆ కాలు చూశాక ఆ మాట వాడబుద్ధి కావడం లేదు.

మన పెయింటు ఎన్నాళ్ళుంటుందని అడిగాను. "మూడేళ్ళకి గీకి మళ్ళీ ఎయ్యాల," అని ఆగి, "మరి ఈడు ఏటి కలిపేడో," అన్నాడు.

కప్పు మీద బొమ్మ

చూరు కప్పు లోపలివైపు, రెండు నిలువుల ఎత్తున ఇంకో బొమ్మ ఉందని మద్దిలేటి చెప్పాడు. నీడలో ఉండి సరిగా కనబడదు. పూర్వం నీళ్ళు కొట్టి చూసేవాళ్ళట. నీళ్ళకి రంగు ఒక్క నిమిషం మెరుస్తుంది, కానీ కొట్టిన ప్రతిసారీ కొంచెం చస్తుంది. అందుకని ఆయన కొన్నేళ్ళుగా ఎవర్నీ కొట్టనివ్వడం లేదు. తనే దాన్ని చూసి చాలా కాలమైందన్నాడు.

బావ నా సంచీలోంచి స్టీలు టిఫిను డబ్బా తీశాడు. మూత ఊడదీసి, లుంగీతో బాగా తుడిచి, ఎండ పడుతున్న అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. ఓడ పొట్ట కింద చీకట్లో రంగు ఎక్కడ తప్పిపోయిందో వెలుగు ఏటవాలుగా కొట్టి చూసుకుంటారట. మూతమీద పడ్డ ఎండ గుండ్రంగా కప్పుమీదికి ఎగబాకింది. నాకు ఒక తెల్లటి చందమామ, అందులో ఎర్రటి మబ్బు కనిపించాయి. మద్దిలేటి మాత్రం కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"యాభై ఏండ్లాయ సార్ నేను ఈడికొచ్చేది," అన్నాడు నెమ్మదిగా. "ఎద్దు కింద మనుషులుండారని నాకు తెల్దు."

ఏముందో చెప్పమని బావని బతిమాలాను. చెప్పాడు, మూతని అంగుళం అంగుళం జరుపుతూ. ఒక పెద్ద ఎద్దు. మూపురం ఉంది. కొమ్ములు చంద్రవంకలా పైకి తిరిగాయి. దాని పొట్ట కింద వరసగా మనుషులు, వేలెడంతేసి. ఏడుగురు. ఒకడి చెయ్యి ఒకడు పట్టుకున్నారు. ఒకడు మాత్రం కాలెత్తాడు, ఆడుతున్నాడో ఏమో. ఎద్దుకి కన్ను పెట్టారు గానీ మనుషులకి ముఖాలు లేవు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. తెరిచి ఉంచితే ఆ పొగ అడ్డమొస్తోంది. మూసుకుంటే అంతా కనిపించింది. తమకంటే జంతువు ఎంతో పెద్దదని తెలిసిన మనుషులు. ఒక్కొక్కడిగా కాక చేతులు పట్టుకుని తమ బొమ్మ వేసుకున్న మనుషులు. వ్యవసాయం వాళ్ళకి తెలుసో లేదో, మాట ఎంత వచ్చో, మనకి తెలీదు. ఇది మాత్రం తెలుసు.

అంత ఎత్తున ఎలా గీశారని అడిగాను. ఆ కాలంలో మనుషులు తాటిచెట్టంత ఉండేవాళ్ళని మద్దిలేటి వాళ్ళ అబ్బ చెప్పేవాడట. బావ ఒప్పుకోలేదు.

"ఈడు నాయంతే ఉంటాడు. సెయ్యి ఎంత దూరం పోద్దో గీత అంతే ఉంటాది. కొమ్ముకాడ అందక మధ్యలో ఆపేడు, జరిగి మళ్ళీ అందుకున్నాడు. సెట్టు మానో, మనిషి బుజమో ఎక్కుంటాడు. కింద ఒకడు పట్టుకోకపోతే అవ్వదు. ఈ పని ఒక పూటలో అయ్యేది కాదు బావ. అంతసేపూ ఆడు పట్టుకునే ఉన్నాడు." మూతని అటూ ఇటూ జరిపి వెతికాడు. "ఆడి గీత ఒక్కటీ నేదిక్కడ."

వెలుగు కప్పుమీంచి జారి కిందికొచ్చేసింది. అతను మూత దించేశాడు.

చేతులు

గోడ కింది భాగంలో, నేలకి జానెడు ఎత్తులో, చేతి ముద్రలున్నాయి. అవి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బోర్లా పడుకుని ముక్కు జానెడు దూరంలో పెట్టి ఒక్కొక్కటే చూశాను. అరచేతి మధ్య గుంటలో రంగు అంటలేదు, మనందరికీ అంటనట్టే. ఒక చిన్న చెయ్యి, నాలుగైదేళ్ళ పిల్లదో పిల్లాడిదో. దాని చుట్టూ పెద్ద వేళ్ళ మరకలు. పిల్ల చెయ్యిని పెద్దవాళ్ళు పట్టుకుని రాతికి నొక్కించారు. మనం పలకమీద, బియ్యంలో పిల్లల వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించడం లేదూ, అలా. నేను మా అమ్మాయి వేలు అలాగే పట్టుకున్నాను. ఆ క్షణాన నాకూ ఆ పెద్ద చేతికీ మధ్య ఉన్న వేల ఏళ్ళు ఎటు పోయాయో తెలీదు. లేచేసరికి చొక్కాకి మట్టి, కళ్ళలో నీళ్ళు.

పక్కనే కొన్ని పేర్లున్నాయి. ప్రేమికులవి, పార్టీలవి, గీకినవి, సుద్దతో రాసినవి. వెధవలు అని తిట్టాను. మద్దిలేటి అడ్డు చెప్పకుండా నన్ను ఇంకో మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక జింక మెడకి అడ్డంగా లోతుగా చెక్కిన 'మ' ఉంది.

"ఇది నేను గీకిందే సార్," అన్నాడు. "పదేండ్లప్పుడు. కొత్తగా బడికి పోతాంటి. మా అబ్బ ఏమీ అన్లేదు, ఆపొద్దు అన్నం తిన్లేదు. ఎవురొచ్చినా నేను ఇది చూపిస్తా. చూపియ్యకపోతే నాకు మనసు ఒప్పదు."

బావ చేతి ముద్రల దగ్గర గొంతుక్కూచుని ఉన్నాడు. అక్కడినుంచే, గోడవైపు చూస్తూనే మొదలుపెట్టాడు. ఆ రోజు ఓడ ముక్కు దగ్గర అడుగున్నర మేర రంగు తప్పిపోయిందట. పలక జరపాలంటే మళ్ళీ పైకి లాగి తాళ్ళు మార్చాలి, అరగంట పని. ఎందుకులే అని పలక చివర నిలబడి ఒంగాడు. పైనుంచి సింహాచలం వద్దని అరిచాడు. రెండుసార్లు. బావ వినలేదు. పలక తిరగబడింది.

"ఆడు పోను సూడ్నేదు బావ. ఆడి సేతిలో ఆవేళ పోనే నేదు. నాను పడతంటే తాడు ఆడి సేతుల్లోంచి ఎల్లిపోతంది, ఆడు వదల్నేదు. అరసేతులు రెండూ సీరుకుపోయి ఎముక కనిపించింది. అందుకే నాను మెల్లగా పడ్డాను, బతికేను. ఆస్పత్రికి పళ్ళు అట్టుకొచ్చినపుడు సేతులకి గుడ్డలు కట్టున్నాయి. అవి సూడలేకే అటు తిరిగి తొంగున్నాను."

మరి ఫోన్ మాట ఎందుకు పుట్టించావని అడిగాను. పడ్డది నీ తప్పా అని కాంట్రాక్టరు అడిగితే భయమేసి నోటికొచ్చింది అనేశానని చెప్పాడు. అది రేవంతా పాకింది. సింహాచలం ఒక్కరికీ బదులు చెప్పలేదు. తాడు వదిలే మనిషని పేరు పడ్డాక పలక ఎక్కేవాళ్ళెవరూ అతన్ని నమ్మలేదు. పని పోయింది.

మద్దిలేటికి మా యాస సగమే అర్థమై ఉంటుంది. అయినా వచ్చి బావ పక్కన కూచుని, నీళ్ళ సీసా మూత తీసి అందించాడు.

మళ్ళీ కొండ

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. బావ మద్దిలేటితో ఇంకోసారి కొండెక్కి వస్తానన్నాడు. నేను కింద ఉండిపోయాను, కళ్ళజోడు లేకుండా ఆ సందు మళ్ళీ దాటే ధైర్యం లేదు. ఇద్దరూ గంటన్నరకి దిగొచ్చారు. ఏం చేశారని అడిగితే మద్దిలేటి చెప్పాడు, టిఫిను మూతతో వెలుగు ఎలా కొట్టాలో అన్న నేర్పించినాడు అని. మూత ఆయన దగ్గరే వదిలేశాం. ఇంటికెళ్ళాక మూత లేని డబ్బా గురించి గౌరి నన్నేమంటుందో నాకు తెలుసు. అయినా ఫరవాలేదు.

ఓర్వకల్లులో మస్తానమ్మ రైల్లోకని ఉగ్గాని పొట్లం కట్టిచ్చింది. బొమ్మలు బాగున్నాయా అని అడిగింది. తను పుట్టి పెరిగింది ఇక్కడేనట, ఎప్పుడూ ఎక్కలేదట. ఎక్కమన్నాను. మోకాళ్ళు చూపించి నవ్వింది.

అనకాపల్లి

తెల్లవారి తుని దాటాక బావ లేచి ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని, తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. విశాఖ రావడానికి ఇంకా గంటన్నర ఉందని చెప్పాను. తెలుసన్నాడు. అనకాపల్లిలో రైలు ఆగింది.

"నాను ఇక్కడ దిగిపోతాను. అచ్యుతాపురం బస్సు దొరుకుతాది. సెల్లికి సెప్పు," అన్నాడు. తోడు రానా అని అడిగితే వద్దని తలూపాడు. ప్లాట్‌ఫారం మీద షిఫ్టులకి పోయే జనం. నా కళ్ళకి నాలుగడుగుల్లో అతను అందరిలో కలిసిపోయాడు.

గౌరి గుమ్మంలోనే అన్నయ్యేడని అడిగింది. చెప్పాను, మొత్తం. ఆమె కాసేపు మెట్టుమీద కూచుండిపోయింది. డబ్బా మూత సంగతి ఇంతవరకూ అడగలేదు.

బావ సాయంత్రానికి గానీ ఫోన్ చేయలేదు. షిఫ్టు వదిలేదాకా గేటు దగ్గర నిలబడ్డాడట. సింహాచలం బయటికొచ్చి చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాడట. బావ వెనకాలే వెళ్ళి, బస్టాపులో అందరూ వింటుండగా, నువ్వు తాడు వదల్లేదు, నేనే అబద్ధమాడానని చెప్పాడట. అప్పుడు తిట్టడం మొదలుపెట్టాడట సింహాచలం. రెండు బస్సులు వెళ్ళిపోయాయి, తిట్లు ఆగలేదు. "ఒక్క మాట ఎదురాడ్నేదు బావ," అన్నాడు. "ఆకరికి ఆడికే గొంతు పోయింది." మర్నాడు రేవుకెళ్ళి కాంట్రాక్టరుకీ, పెయింటర్లందరికీ అదే మాట చెప్పాడు. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఓడల పని ఇద్దరికీ మళ్ళీ దొరకలేదు.

గాజువాక

ఇది జరిగి రెండు నెలలు. కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను. మొన్న ఆదివారం కూరగాయలకి వెళ్తుంటే ఒక అపార్టుమెంటు పక్కన తాళ్ళు వేలాడుతున్నాయి. నాలుగో అంతస్తు ఎత్తున పలక మీద నల్లటి మనిషి గోడకి రంగు వేస్తున్నాడు. సింహాచలం. మా పెళ్ళి ఫోటోల్లో చూసిన ముఖమే, గడ్డం నెరిసింది. మేడమీద పిట్టగోడకి పొట్ట ఆనించి, తాడు నడుముకి ఒక చుట్టు చుట్టుకుని, కొస రెండు చేతులా పట్టుకుని నిలబడ్డది మా బావ.

కిందినుంచి చెయ్యి ఊపాను. బావా అని గట్టిగా రెండుసార్లు పిలిచాను. విన్నాడు, వినకేం. తల తిప్పలేదు.